కాంక్రీటు పక్కన జిప్సం: బరువు మోసే పనిలో దాని పాలెంత?

జిప్సం లేని కొత్త ఇల్లు ఇప్పుడు దాదాపు కనిపించదు. ఫాల్స్ సీలింగ్ పలకల్లో, గోడల మీది పీఓపీ పూతలో, ఆఖరికి సిమెంటు బస్తాలో కూడా అది ఉంటుంది. బట్టీలో కాలిన సిమెంటు గడ్డలను (క్లింకర్) పొడి కొట్టేటప్పుడు నూటికి మూడు నుంచి అయిదు పాళ్లు జిప్సం కలపకపోతే, నీళ్లు తగలగానే సిమెంటు బిగుసుకుపోయి మేస్త్రీకి తాపీ ఆడించే వ్యవధి కూడా ఇవ్వదు. అయితే ఇవన్నీ హంగు పనులు, కాకపోతే చిటికెడు వాడకాలు. ఇంటి బరువు మోసే పని ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటుదే. ఆ పనిలో జిప్సాన్ని కాంక్రీటుకు తోడుగా నిలబెట్టవచ్చా అన్నది పాత ప్రశ్న. గత మూడు దశాబ్దాల్లో, ముఖ్యంగా భారతదేశంలో, దానికి పనికొచ్చే సమాధానం ఒకటి దొరికింది. ఆ సమాధానంలో జిప్సానికి దక్కిన పాత్ర చాలామంది ఊహించే దానికంటే చిన్నది. చిన్నదిగా ఉంచినందువల్లే అది నిలబడింది.

రసాయనికంగా జిప్సం అంటే నీటిని పట్టి ఉంచుకున్న కాల్షియం సల్ఫేటు. బరువులో 20.9 శాతం ఆ నీరే. సుమారు 150 డిగ్రీల వేడిలో కాల్చితే అందులో నాలుగింట మూడు వంతులు ఆవిరైపోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ (పీఓపీ) మిగులుతుంది. దానికి మళ్లీ నీళ్లు కలిపితే పోగొట్టుకున్నంత నీటినీ తిరిగి పుచ్చుకుంటుంది; సూదుల్లాంటి స్ఫటికాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని నిమిషాల్లో గట్టిపడుతుంది. సిమెంటుకు 1,450 డిగ్రీల బట్టీ కావాలి, రోజుల తరబడి నీళ్లు పట్టాలి, పూర్తి బలం కోసం 28 రోజులు ఆగాలి. జిప్సానికి ఇవేవీ అక్కర్లేదు. పైగా గట్టిపడేటప్పుడు అది సిమెంటులా కుంచించుకుపోదు, రవ్వంత ఉబ్బుతుంది. అందుకే అచ్చులో పోస్తే అంచులు పదునుగా దిగుతాయి.

ఈ వేగాన్ని పూర్వకాలపు మేస్త్రీలు బరువు మోసే కట్టడాల్లోనే వాడుకున్నారు. ఇరాన్‌లో గచ్ అని పిలిచే జిప్సం అడుసుతో, కింద సెంట్రింగ్ లేకుండానే ఇటుక కమానులు కట్టేవారు. చేత్తో పెట్టిన ఇటుక చెయ్యి తీసేలోగా అతుక్కుంటుంది కాబట్టి ఆ పని సాధ్యమైంది. సిరియా ఎడారిలోని రుసాఫా పట్టణపు ప్రాకారాలు జిప్సం రాతివే. స్పెయిన్‌లోని కాటలోనియా మేస్త్రీలు పలుచని పెంకులతో కమానులు వేసేటప్పుడు మొదటి వరసను జిప్సంతో అతికించి, దాన్నే ఆసరాగా చేసుకుని పై వరసలను సున్నంతోనో సిమెంటుతోనో వేసేవారు. 1881లో అమెరికా చేరిన రఫాయెల్ గ్వాస్తవీనో ఈ పద్ధతినే అక్కడ పెద్ద కట్టడాలకు తీసుకెళ్లాడు. కాటలోనియా పనితనంలో గమనించవలసిన సంగతి ఒకటుంది: జిప్సం పని మొదటి ఘడియలోనే అయిపోతుంది, ఆ తర్వాత దశాబ్దాల పాటు బరువు మోసేది సిమెంటు వరసలు. ఈ పనుల విభజన ఆధునిక రూపంలో మళ్లీ ఎదురవుతుంది.

ఇరవయ్యో శతాబ్దపు అమెరికా మరో దారి పట్టింది. బడులు, కర్మాగారాల పైకప్పుల మీద ఉక్కు పట్టాల మధ్య పలకలు పరిచి, తీగ వల వేసి, దాని మీద జిప్సం కాంక్రీటు పోసేవారు. అరగంటలో గట్టిపడే కప్పు, బరువు తక్కువ, నిప్పుకు లొంగదు. దాని నలుగుడు బలం మాత్రం చదరపు మిల్లీమీటరుకు 3.4 నుంచి 6.9 న్యూటన్ల దగ్గరే ఉండేది. మామూలు ఎం20 కాంక్రీటులో అది ఆరో వంతు నుంచి మూడో వంతు దాకా. వాన నీరు కారని చోట ఆ కప్పులు దశాబ్దాలు నిలిచాయి. కారిన చోట జిప్సం మెత్తబడి, లోపలి తీగ తుప్పు పట్టి, పైకి ఏమీ కనిపించకుండానే కప్పు బలహీనపడింది. సోవియట్ యూనియన్‌లో పరిశోధకుడు వోల్జెన్‌స్కీ బృందం సమస్యను రసాయనం వైపు నుంచి పట్టుకుంది. జిప్సానికి సిమెంటును, దానితో పాటు అగ్నిపర్వతపు బూడిద వంటి పొజలానా పొడిని కలిపి, తడికి కొంత ఓర్చుకునే బంధకాన్ని తయారు చేసింది. గదుల మధ్య గోడలకూ, అచ్చులో పోసిన స్నానాల గదులకూ అది పనికొచ్చింది. పెద్ద భవనాల ఎముకల గూడుగా మారలేదు.

ఎందుకు మారలేదో అర్థం కావాలంటే మూడు అడ్డంకులను విడివిడిగా చూడాలి. మొదటిది నీరు. గట్టిపడిన జిప్సం లీటరు నీటిలో రెండు గ్రాముల పైచిలుకు కరుగుతుంది. ఉప్పుతో పోలిస్తే ఇది లెక్కలోది కాదు కానీ, గోడకు చాలా ఎక్కువ. కరగడం కంటే ముందే ఇంకో నష్టం జరుగుతుంది: బాగా తడిసిన జిప్సం దాదాపు సగం బలాన్ని కోల్పోతుంది, బరువు కింద నెమ్మదిగా సాగిపోతూ ఉంటుంది. ఆరితే బలం చాలావరకు తిరిగొస్తుంది గానీ సాగినది సాగినట్టే ఉంటుంది.

రెండోది ఇనుము. కాంక్రీటులోని క్షారం చువ్వ చుట్టూ కంటికి కనిపించని ఆక్సైడు పొరను నిలిపి ఉంచుతుంది. తుప్పుకు అదే అడ్డు. కాంక్రీటు పీహెచ్ 12.5 పైమాటే. జిప్సం దాదాపు తటస్థం. అందులో పెట్టిన ఇనుముకు ఆ కవచం దొరకదు, చెమ్మ చేరిన రోజు నుంచి తుప్పు మొదలవుతుంది. కాబట్టి చువ్వలు వేసిన జిప్సం అన్న ఆలోచన మొదట్లోనే కుంటుపడుతుంది. విచిత్రమేమిటంటే ఇదే గుణం గాజు నారకు వరమైంది. సిమెంటులోని క్షారం మామూలు గాజు నారను తినేస్తుంది. అందుకే సిమెంటులో జిర్కోనియా కలిపిన ఖరీదైన నార వాడాలి. జిప్సంలో చవక నారే చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇనుముకు కాంక్రీటు, గాజుకు జిప్సం: ఏది ఎక్కడుండాలో రసాయన శాస్త్రమే తేల్చిపెట్టింది.

మూడోది జిప్సానికీ సిమెంటుకూ మధ్య జరిగే చర్య. సల్ఫేటు, సిమెంటులోని అల్యూమినేటు, నీరు కలిస్తే ఎట్రింగైట్ అనే స్ఫటికం పుడుతుంది. దానిలో నీరు చాలా ఎక్కువ కాబట్టి చోటు కూడా ఎక్కువ ఆక్రమిస్తుంది. సిమెంటు ఇంకా పచ్చిగా ఉండగా ఇది పుట్టినా ప్రమాదం లేదు. బస్తాలో జిప్సం కలపగలిగేది అందుకే. గట్టిపడిన తర్వాత లోపల పుడితే మాత్రం కాంక్రీటు ఉబ్బి, పగిలి, పెచ్చులూడుతుంది. కాంక్రీటు మిశ్రమంలో మొత్తం సల్ఫేటు సిమెంటు బరువులో 4 శాతం దాటకూడదని భారత కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 నియమం పెట్టింది కూడా ఈ భయంతోనే. జిప్సాన్నీ సిమెంటునూ ఇష్టం వచ్చిన పాళ్లలో కలిపి కొత్త కాంక్రీటు చేద్దామనుకునేవారు తరచు బోల్తా పడేది ఇక్కడే. వోల్జెన్‌స్కీ మిశ్రమంలో పొజలానా చేసే పని సున్నాన్ని పట్టేసి ఈ ఉబ్బును అదుపులో పెట్టడం. వీటిని కలపకుండా పక్కపక్కన పెడితే చర్య అతుకు దగ్గరే ఆగిపోతుంది, అదీ నీరు చేరినంత మేరకే. మూడు అడ్డంకుల్లోనూ దోషి నీరే అని దీన్నిబట్టి తేలుతుంది. బలం గురించిన వాదన రెండో వరసలోది.

ఈ మూడింటినీ ఒకేసారి దాటిన నిర్మాణం ఆస్ట్రేలియాలో 1990 ప్రాంతంలో రూపుదిద్దుకుంది. ర్యాపిడ్‌వాల్ అనే పేరుతో మార్కెట్‌కు వచ్చింది. భారతదేశంలో జీఎఫ్ఆర్‌జీ ప్యానెల్ అంటారు, అంటే గాజు నారతో బలపరిచిన జిప్సం గోడ పలక. పలక పొడవు 12 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, మందం 124 మిల్లీమీటర్లు. లోపలంతా బోలు. రెండు వైపులా 15 మి.మీ. జిప్సం రేకులు, వాటిని కలుపుతూ ప్రతి 250 మి.మీ.కు ఒక 20 మి.మీ. అడ్డుపట్టీ. పట్టీకీ పట్టీకీ మధ్య 230 మి.మీ. పొడవు, 94 మి.మీ. వెడల్పు గల గూడు నిలువునా ఉంటుంది. ఒక పలకలో ఇలాంటి గూళ్లు 48. చదరపు మీటరు బరువు 44 కిలోలు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ బరువులో ఇది దాదాపు పదో వంతు. జిప్సం ముద్దలో నీటిని వికర్షించే రసాయనాలు కలుపుతారు, అందువల్ల 24 గంటలు నీటిలో నానినా పీల్చుకునేది బరువులో 5 శాతం లోపే.

ఖాళీ పలక మీటరు పొడవుకు సుమారు 160 కిలోన్యూటన్ల నిలువు బరువును తట్టుకోగలదు. ఒక అంతస్తు ఇంటికి ఇది చాలు. కానీ అడ్డంగా తోసే బలాన్ని ఖాళీ పలక మీటరుకు 21.6 కిలోన్యూటన్లే ఆపగలదు. గాలికీ భూకంపానికీ ఎదురు నిలిచేది ఈ రెండో లెక్కే. అందుకే గూళ్లలో చువ్వ నిలిపి కాంక్రీటు పోస్తారు. జిప్సం సెంట్రింగ్ పలకలా ఉండి కాంక్రీటును పట్టి ఉంచుతుంది, తర్వాత అక్కడే ఉండిపోతుంది.

అప్పుడు బరువును ఎవరు ఎంత మోస్తారు? అన్ని గూళ్లూ ఎం20 కాంక్రీటుతో నింపిన గోడను తీసుకుంటే, 124 మి.మీ. మందంలో కాంక్రీటు వాటా సగటున 86 మి.మీ., జిప్సానిది 38 మి.మీ. పలక బిగువు గుణకం చదరపు మిల్లీమీటరుకు 7,500 న్యూటన్లు. కాంక్రీటుది 22,000 పైన. రెండూ కలిసి ఒకే మేరకు కుదించుకుంటాయని అనుకుంటే నిలువు బరువులో జిప్సం పాలు ఎనిమిదో వంతు దగ్గర తేలుతుంది. కాలం గడిచి జిప్సం సాగే కొద్దీ ఆ కొంచెం కూడా కాంక్రీటు మీదికే జరుగుతుంది. గోడను చూసినవారు జిప్సం గోడ అంటారు. లెక్క చూస్తే అది జిప్సం తొడుగున్న కాంక్రీటు గోడ. వేడికి వ్యాకోచించే తీరులో పలకకూ ఉక్కుకూ తేడా లేదు, కాంక్రీటుకూ పెద్ద తేడా లేదు కాబట్టి ఎండలకు పొరలు విడిపోయే భయం తక్కువ. గూడు నడుమ నిలిపిన 12 మి.మీ. చువ్వకు రెండు వైపులా నలభై మి.మీ. కాంక్రీటు ఉంటుంది. ఇనుము జిప్సాన్ని ఎక్కడా తాకదు.

అడ్డు తోపుకు ఈ గోడ స్పందించే తీరు మరీ ఆసక్తికరమైనది. నున్నటి జిప్సానికీ కాంక్రీటుకూ మధ్య అంటు బలహీనం. మొదట్లో దీన్ని లోపంగానే ఎంచవచ్చు. కానీ అడిలైడ్ విశ్వవిద్యాలయంలోనూ, తర్వాత మద్రాసు ఐఐటీలోనూ జరిగిన పరీక్షల్లో, తోపు పెరిగే కొద్దీ అడ్డుపట్టీల వెంట నిలువు పగుళ్లు వచ్చి, గోడ పక్కపక్కన నిలబడ్డ సన్నటి స్తంభాల వరసలా పనిచేయడం మొదలుపెట్టింది. ఆ జారుడులో శక్తి ఖర్చయిపోతుంది. గోడ హఠాత్తుగా ఐమూలగా తెగిపోదు. భూకంపానికి కావలసింది ఈ ముందస్తు హెచ్చరిక ఇచ్చే గుణమే. మద్రాసు ఐఐటీలో ప్రొఫెసర్ దేవదాస్ మీనన్, ప్రొఫెసర్ మెహర్ ప్రసాద్‌ల బృందం ఈ పరిశోధనను ఏళ్ల తరబడి నడిపించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ 2012లో ప్రచురించిన డిజైన్ మాన్యువల్ ఈ కృషి ఫలితమే. సరైన డిజైనుతో ఎనిమిది నుంచి పది అంతస్తుల దాకా వెళ్లవచ్చని దాని అంచనా. భూకంప ప్రమాదం ఎక్కువైన చోట ఎత్తు తగ్గించాలి.

భారతీయ పరిశోధన అదనంగా చేసిన పెద్ద పని, ఇదే పలకను పడుకోబెట్టి స్లాబుకు కూడా వాడటం. స్లాబులో కింది భాగం సాగుతుంది. సాగడం జిప్సానికి చేతకాని పని. అందుకని ప్రతి మూడో గూటి పై రేకును కోసేసి, అందులో ఇనుప బుట్ట దింపి కాంక్రీటు పోస్తారు. అలా 750 మి.మీ.కు ఒకటి చొప్పున స్లాబు లోపలే దాగిన దూలాలు ఏర్పడతాయి. మొత్తం మీద వెల్డెడ్ మెష్ పరిచి 50 మి.మీ. కాంక్రీటు పోస్తే దూలమూ పై పొరా కలిసి ఒకటే అవయవంలా పనిచేస్తాయి. మిగతా గూళ్లు బోలుగానే ఉంటాయి, స్లాబు తేలికపడుతుంది. సెంట్రింగ్ ఖర్చులో చాలా భాగం మిగులుతుంది. అక్కడక్కడా పోట్లు పెడితే చాలు.

సైటులో పని ఇలా సాగుతుంది. ప్లింత్ బీముల నుంచి పైకి లేపిన చువ్వలు గూళ్ల లెక్కకు సరిపోయేలా ముందే నిలిపి ఉంచుతారు. కర్మాగారంలోనే తలుపులు, కిటికీల ఖాళీలు కోసి పంపిన పలకలను క్రేన్‌తో ఎత్తి ఆ చువ్వల మీదికి దించుతారు. చువ్వల లెక్క తప్పితే పలక దిగదు. ఇటుక పనిలోలాగా సిమెంటుతో సర్దుకునే వీలుండదు కాబట్టి పునాది దగ్గరే కొలత పక్కాగా ఉండాలి. గూళ్లలో పోసే కాంక్రీటుకు చిన్న కంకర వాడతారు, పల్చగా జారేలా కలుపుతారు. 3 మీటర్ల గూటిని ఒకేసారి నింపరు. మీటరు మేర పోసి, గంటసేపు ఆగి, మళ్లీ మీటరు. పచ్చి కాంక్రీటు ఒత్తిడికి 15 మి.మీ. రేకు పొట్ట ఉబ్బి పగలకుండా ఉండాలంటే అదే మార్గం. బరువు అంతగా పడని గూళ్లను క్వారీ డస్ట్‌లో కాస్త సిమెంటు కలిపి నింపేస్తారు. కరెంటు గొట్టాలు గూళ్లలోంచే వెళ్లిపోతాయి. ప్లాస్టరింగ్ అవసరం లేదు. మద్రాసు ఐఐటీ ఆవరణలో 2013లో రెండంతస్తుల్లో నాలుగు ఫ్లాట్ల నమూనా భవనాన్ని నెల రోజుల్లో లేపగలిగారంటే కారణం ఇదే.

నిప్పు విషయంలో జిప్సం సిసలైన మేలు చేస్తుంది. చదరపు మీటరు పలకలో రసాయనికంగా బంధించి ఉన్న నీరే తొమ్మిది కిలోల దాకా ఉంటుంది. మంటలు తగిలినప్పుడు ఆ నీరంతా ఆవిరయ్యేదాకా పలక అవతలి వైపు వేడి నూరు డిగ్రీలను దాటి పెద్దగా పైకి పోదు. లోపలి కాంక్రీటుకూ చువ్వకూ ఆ మేరకు రక్షణ దొరుకుతుంది.

భారతదేశంలో ఈ ప్యానెళ్లకు ముడిసరుకు గనుల్లోంచి రాదు. ఎరువుల కర్మాగారాల్లో ఫాస్ఫేటు రాతిని గంధకామ్లంతో చర్య జరిపి ఫాస్ఫారిక్ ఆమ్లం తీసేటప్పుడు, ఆమ్లంలోని ప్రతి టన్ను ఫాస్ఫరస్ పెంటాక్సైడుకు అయిదు టన్నుల దాకా ఫాస్ఫోజిప్సం మిగులుతుంది. కొచ్చి దగ్గర అంబలమేడులో ఎరువుల సంస్థలు ఫ్యాక్ట్, ఆర్‌సీఎఫ్ కలిసి ప్యానెళ్ల కర్మాగారం పెట్టింది అలా పేరుకున్న గుట్టలను చూసే. విశాఖపట్నంలో, ఒడిశాలోని పారాదీప్‌లో కూడా ఇలాంటి ఫాస్ఫోజిప్సం ఉంది. రాయలసీమ వేరుశనగ రైతు ఊడలు దిగే వేళ చేలో చల్లే జిప్సమూ, చౌడు నేలను బాగు చేసే జిప్సమూ ఈ కుటుంబంలోవే. ఫాస్ఫోజిప్సంలో మిగిలిపోయిన ఆమ్లం, ఫ్లోరైడు గట్టిపడటాన్ని ఆలస్యం చేసి బలాన్ని తగ్గిస్తాయి కాబట్టి, కడిగో, సున్నంతో విరిచో వాడాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ శుద్ధి మీద చాలాకాలం పనిచేసింది.

రేడియోధార్మికత భయం కూడా ఇక్కడిదే. ఫాస్ఫేటు రాతిలోని రేడియం చాలావరకు జిప్సంలోకే దిగుతుంది, దాని నుంచి రేడాన్ వాయువు వస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ 1989 నుంచి ఫాస్ఫోజిప్సాన్ని కొన్ని మినహాయింపులతో గుట్టల్లోనే ఉంచాలంటోంది. రోడ్లకు వాడేందుకు 2020లో ఇచ్చిన అనుమతిని మరుసటి ఏడాదే వెనక్కి తీసుకుంది. భారత అణుశక్తి నియంత్రణ మండలి మరో పద్ధతి ఎంచుకుంది: గ్రాముకు ఒక బెక్వరెల్ లోపు రేడియం ఉన్న ఫాస్ఫోజిప్సాన్ని నిర్మాణ సామగ్రికి వాడుకోవచ్చు. రాయి ఏ దేశపుదన్న దాన్ని బట్టి ఈ అంకె మారుతుంది. అవక్షేప శిలల ఫాస్ఫేటులో ఎక్కువ, అగ్ని శిలల్లో తక్కువ. అందువల్ల ఒక కర్మాగారపు జిప్సానికి తెచ్చుకున్న సర్టిఫికెట్టు ఇంకో ఓడ సరుకుకు చెల్లదు. విడతవారీగా పరీక్ష జరపాల్సిందే.

తెలుగు నేల మీద ఈ పద్ధతికి నమూనాలు ఉన్నాయి. బీఎంటీపీసీ నెల్లూరులో కట్టించిన ప్రదర్శన గృహ సముదాయంలో 36 ఇళ్లు ఈ ప్యానెళ్లతోనే లేచాయి. తిరుపతి ఐఐటీ ఏర్పేడు దగ్గరి తాత్కాలిక ప్రాంగణంలో త్వరగా భవనాలు కావలసి వచ్చినప్పుడు కూడా ఇదే దారి పట్టింది. అయినా ఊళ్లలో మామూలు ఇల్లు కట్టుకునేవారి దాకా ఇది రాలేదు. కారణం ఇంజినీరింగ్ కాదు. ప్యానెల్ తయారయ్యే చోట్లు దేశంలో బహు తక్కువ; 12 మీటర్ల పలకను పగలకుండా తేవాలంటే పొడవాటి ట్రెయిలర్ కావాలి, ఇరుకు సందులోకి అది రాదు, క్రేనూ రాదు. దూరం పెరిగే కొద్దీ మిగిలిన డబ్బంతా రవాణాకే పోతుంది. ఒకే నమూనా ఇళ్లు వందల్లో కట్టే కాలనీలకు కలిసొచ్చేది, నూట యాభై గజాల స్థలంలో ఒంటరి ఇంటికి కలిసిరాదు.

కట్టిన తర్వాతి జాగ్రత్తలు నీటి చుట్టూనే తిరుగుతాయి. పలక నేల మీద నేరుగా కూర్చోకూడదు. ప్లింత్ బీము మీద నీరు ఎక్కని పూత వేసి, దాని మీదే నిలపాలి. మరుగుదొడ్లు, వంటింటి సింకు వెనుక గోడలు, స్లాబు పైభాగం, పలకల మధ్య అతుకులు, వీటికి వాటర్‌ప్రూఫింగ్ అంటే అలంకారం కాదు, నిర్మాణంలో భాగం. ఇటుక గోడలో పైపు కారితే మరక పడుతుంది. ఇక్కడ నెలల తరబడి కారితే తొడుగు మెత్తబడుతుంది, కాంక్రీటుతో ఉన్న అతుకు దగ్గర సల్ఫేటు చర్యకు తడి దొరుకుతుంది. ఇంటివాళ్లు ఇంకో అలవాటు మానుకోవాల్సి ఉంటుంది. కొత్త అల్మరా కోసమో, గదులు కలపడానికో గోడ కోయించడం ఫ్రేము కట్టడంలో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. ఇందులో విడిగా స్తంభాలుండవు, గోడే స్తంభం. ఇల్లు చేతులు మారినప్పుడు ఈ సంగతి కొత్త యజమానికి అందకపోవడం ఈ పద్ధతిలో పెద్ద ముప్పు. అమ్మకం కాగితాలతో పాటు నిర్మాణ నక్షా కూడా చేతులు మారే ఏర్పాటు ఉండటం మంచిది.

కూల్చేటప్పటి లెక్క ఇంకా తేలలేదనే చెప్పాలి. కాంక్రీటును పగలగొట్టి కంకరగా మళ్లీ వాడటం పెరుగుతోంది. జిప్సం తొడుగు అతుక్కున్న కాంక్రీటును అలాగే క్రషర్‌లో వేస్తే సల్ఫేటు కొత్త కాంక్రీటులోకి చేరి, అక్కడ ఉబ్బు మొదలుపెడుతుంది. రెండిటి మధ్య అంటు బలహీనం కాబట్టి వేరు చేయడం కష్టమేమీ కాదు, కానీ యంత్రాల కంటే చేతులే ఆ పని బాగా చేస్తాయి, దానికి కూలి పడుతుంది. వేరు చేసిన జిప్సాన్ని గాజు నార తీసేసి మళ్లీ కాల్చుకోవచ్చు. చెత్త గుట్టల్లో పారేస్తే మాత్రం, గాలి ఆడని తడి చోట బాక్టీరియా దాన్ని కుళ్లిన గుడ్ల వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. అందువల్లే కొన్ని దేశాలు జిప్సం వ్యర్థాలను కుళ్లే చెత్తతో కలిపి పూడ్చకూడదని నియమం పెట్టుకున్నాయి.